నేల విడిచి సాము

పోర్ట్ అగస్టాలో సోమవారం పొద్దున తొమ్మిదింటికి
గదిలో ఎనిమిదిమంది, గోడమీది తెరలో ఏడుగురు.
తెరలో నలుగురు ఉత్త నల్ల గళ్లు,
ఒకరు తిరుగుతున్న సీలింగు ఫ్యాను,
ఒకరు ఎక్కడో రోడ్డు పక్కన ఆపిన కారులో, బెల్టు తియ్యకుండా,
ఒకరు వెస్నా.

వెస్నా వెనక ఎప్పుడూ ఎర్రరాతి గోడే.
కిటికీ ఉండదు.
ఏదో బొమ్మ అతికించుకుందనుకున్నాను.
కూబర్ పీడీలో ఎండకి జడిసి జనం
కొండ తొలుచుకుని కాపురాలుంటారని
నాకు తెలిసేసరికి మూడు వారాలు గడిచాయి.

నర్సింగ్ సహాయకుల కోర్సు. నాలుగో పాఠం, నాడి చూడటం.
వీడియో రాత్రే చూసి రావాలి.
చూశామన్నారు.
చూసినవాళ్ల కళ్లు నాకు తెలుసు, చూడనివాళ్ల కళ్లూ తెలుసు,
నల్ల గళ్లకే కళ్లుండవు.

గదిలో బల్లమీద ప్లాస్టిక్ చెయ్యి.
రబ్బరు బుడ్డి నొక్కితే కొట్టుకుంటుంది, వదిలితే చచ్చిపోతుంది.
ట్రెలోర్ దానికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు,
మరిసెల్ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.
నేను కెమెరా ముందు నా మణికట్టు పెట్టి
"బొటనవేలితో వద్దు, దానికి సొంత నాడి ఉంటుంది,
మీ సంగతే మీకు చెబుతుంది" అన్నాను.

నా మాట అక్కడికి ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది.
ఆ క్షణంలో ఎన్నిసార్లు అనుకున్నానో
ఇదంతా నేల విడిచి సాము అని.
రాజమండ్రి నర్సింగ్ స్కూల్లో సుగుణమణి సిస్టర్
నా వేళ్లమీద తన వేళ్లు పెట్టి నొక్కి
"ఇదుగో, దొరికిందా?" అనేది.
లేదంటే వదిలేది కాదు.
స్పిరిట్ వాసనేసే ఆ వేళ్లకింద నావి తిమ్మిరెక్కేవి.
ఐదువందల నలభై కిలోమీటర్ల అవతల
నేనెవరి వేలిని నొక్కను?

"మిస్, మా డేడా చెయ్యి చూశాను," వెస్నా అంది.
"ఒకటి, రెండు, మూడు... తర్వాతది రాలేదు."
"నెట్ పోయుంటుంది" అన్నాడు ట్రెలోర్.
గదంతా నవ్వింది.
నేనూ నవ్వాను, దాచడమెందుకు.

మళ్లీ లెక్కపెట్టమన్నాను, పూర్తి నిమిషం.
కెమెరా కిందికి వంచింది.
ముసలి చెయ్యి. గోళ్లలో ఎర్రదుమ్ము.
ఓపల్ రాళ్లకోసం యాభయ్యేళ్లు తవ్విన మణికట్టు.
దానిమీద ఆమె మూడు వేళ్లు
ఎక్కడుండాలో అక్కడే.
నల్ల గళ్లు ఒక్కొక్కటే ముఖాలయ్యాయి.
మరిసెల్ లోపలికొచ్చి కూర్చోకుండా నిలబడిపోయింది.
"యాభై ఒకటి. ఐదుసార్లు రాలేదు."

క్లినిక్కి తీసుకెళ్లు, ఇప్పుడే, అన్నాను.
ఎర్రగోడ కాసేపు ఖాళీగా కనిపించింది,
తర్వాత అదీ పోయింది.

మా బల్లమీద ప్లాస్టిక్ చెయ్యి,
ఆమె బల్లమీద మనిషి.
నేల విడిచిందెవరు?
ఆమె నేల లోపలే కూర్చుని ఉంది.

జూన్‌లో ప్రాక్టికల్ వారం.
చీకటితోనే బయల్దేరి, కంగారూలకి భయపడుతూ
ఏడు గంటలు నడుపుకుంటూ వచ్చింది.
గుమ్మంలో ఎవరో అనుకున్నాను,
నేననుకున్నంత పొడుగు లేదు.
గొంతు విన్నాకే గుర్తుపట్టాను.

డేడాకి అడిలైడ్‌లో పేస్‌మేకర్ పెట్టారట.
"ఇప్పుడు ఒక్కటీ తప్పట్లేదు మిస్,
గడియారంలా విసుగ్గా ఉందంటాడు."

ప్లాస్టిక్ చెయ్యి పక్కకి నెట్టి నాది చాపాను.
మరీ గట్టిగా నొక్కింది.
ఇన్నాళ్లూ తెరలో కనబడని తప్పు అది,
వేలికి ఎంత బరువుండాలో ఏ కెమెరా చూపిస్తుంది?
ఆమె వేళ్లమీద నా వేళ్లు పెట్టి కాస్త వదులు చేశాను.
"ఇదుగో, దొరికిందా?"
తెలుగులోనే వచ్చేసింది.
ఆమె తలూపింది, ఏం అర్థమైందో.

కళ్లు గడియారంమీద, పెదాలు కదులుతున్నాయి.
ఇంకా నలభై సెకన్లుంది.
నేను మాట్లాడకూడదు.